ఇరవై నిమిషాలు ముందున్న వాచీ

ఆ రోజు నేను తలనొప్పి అని దుప్పటి ముసుగేసుకుని ఇంట్లో పడుకుని ఉంటే ఎవరికీ ఏ నష్టమూ జరిగేది కాదు. ఒక ఆడపిల్ల చక్కగా లెక్కల పరీక్ష రాసుకుని ఇంటికి వెళ్లిపోయేది. నేను పడుకోలేదు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా లారీలో, జీపులో పడి పరుగెత్తి, పోలీసాయనకు దొరికి, సవ్యంగా సాగుతున్న ఆ పిల్ల పరీక్షను పాడు చేయడానికి శాయశక్తులా కృషి చేశాను. ఎట్లా చేశానో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

తొంభైల చివరి సంగతి. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. ధర్మవరంలో ఒక హైస్కూల్లో లెక్కల సారుగా ఉద్యోగం, హిందూపురంలో అవ్వతో కాపురం. పొద్దున్నే ప్యాసింజరు రైల్లో పోవడం, సాయంత్రం రైల్లోనే తిరిగి రావడం. ఆ ఏడు వేసవి సెలవుల్లో హిందూపురంలో మాకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. హైస్కూలు పిల్లలకు సమయపాలన ఎట్లా నేర్పాలన్నది విషయం. బెంగళూరు నుంచి కోటు వేసుకుని ఒకాయన వచ్చాడు. మే నెల ఎండలో రెండు రోజులూ ఆ కోటు విప్పలేదంటే ఆయన నిగ్రహం ఎంతటిదో చూసుకోండి. ఆయన చెప్పినవాటిలో ఒక్క ముక్క నా బుర్రలో మేకు కొట్టినట్టు దిగిపోయింది.

"మీ గడియారాన్ని ఇరవై నిమిషాలు ముందుకు పెట్టుకోండి. ఇక జీవితంలో మీకు ఆలస్యం అనేది ఉండదు."

ఇంటికి రాగానే గోడ గడియారాన్ని ఇరవై నిమిషాలు ముందుకు తిప్పాను. చేతి వాచీనీ తిప్పాను. బడి తెరిచాక మొదటి వారం నిజంగానే రైలు కంటే ముందు స్టేషన్లో ఉన్నాను. రెండో వారానికి బుర్రకు కిటుకు తెలిసిపోయింది. వాచీలో ఏడైతే అసలు ఆరూ నలభై అని అదే లెక్క వేసుకోవడం మొదలుపెట్టింది. లెక్కల సారును కదా, తీసివేత చిటికెలో అయిపోయేది. అంటే మునుపటిలాగే ఆలస్యంగా పోతున్నాను, కాకపోతే ఇప్పుడు లెక్క కట్టి మరీ ఆలస్యంగా పోతున్నాను. ఇలాంటి మనిషి వెళ్లి పదో తరగతి పిల్లలకు సమయపాలన నేర్పడానికి పూనుకున్నాడు.

హెడ్మాస్టరుగారిని బతిమాలి శనివారం ఆఖరి పీరియడ్ సంపాదించాను. పిల్లలందరికీ చార్టు మీద టైంటేబుల్ గీయించాను. నాలుగున్నరకు లేవాలి, నాలుగూ నలభైకల్లా పుస్తకం ముందు ఉండాలి, ఆరింటికి స్నానం.

"సార్, మా ఈదిలో నీళ్లు ఎప్పుడొస్తాయో ఆ పైపుకే తెలీదు," అన్నాడు ఒకడు.

"నీళ్లకు కూడా టైం రాసుకో," అన్నాను. ఎట్లా రాసుకోవాలో వాడు అడగలేదు, నేను చెప్పలేదు.

ఇంకో శనివారం బోర్డు మీద పెద్ద గడియారం బొమ్మ గీసి, "ఒక గంట అంటే ఎంత?" అని అడిగాను.

"అరవై నిమిషాలు సార్," అన్నారు అందరూ.

"అది పుస్తకంలో మాట. మీకు గంట అంటే ఏమిటి? సొంతంగా ఆలోచించి చెప్పండి."

రెండో బెంచీలోంచి రమాదేవి లేచింది. నేత పని చేసే చౌడప్ప కూతురు. సన్నగా, పొడవుగా ఉండేది, అడిగితే తప్ప మాట్లాడేది కాదు.

"జానెడు సార్," అంది.

"ఏమిటీ?"

"జానెడు సీర సార్. మా నాయన నేస్తాడు, నేను పక్కన కూసోని అంచు ఏస్తా. పోగు తెగకుంటే గంటకు జానెడు వస్తాది."

నేను నవ్వాను. సారు నవ్వితే క్లాసు ఊరుకుంటుందా, అందరూ నవ్వారు. "మగ్గాన్ని ఇంట్లోనే ఉండనీ రమాదేవీ, ఇక్కడ గడియారం నేర్చుకుందాం," అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. ఈ నవ్వును కొంచెం గుర్తుపెట్టుకోండి.

అర్ధ సంవత్సర పరీక్షల్లో మా అటెండరు కునుకు తీసి గంట బాగా ఆలస్యంగా కొట్టాడు. నాకు కోపం వచ్చి తర్వాతి శనివారం ఒక సూత్రం ప్రకటించాను. "గంట కొట్టేవాడు మనిషి. మనిషికి నిద్ర వస్తుంది. వాచీకి నిద్ర రాదు. పరీక్షలో గంటను నమ్మొద్దు. వాచీని నమ్మండి." దాన్ని నోటుబుక్కుల్లో రాయించి, కింద గీత కూడా గీయించాను.

ఆ పరీక్షల్లోనే రమాదేవికి లెక్కల్లో తక్కువ వచ్చింది. తెలియక కాదు. ఒక్కో లెక్క దగ్గర ఆగిపోయి, చివరి మూడు పెద్ద లెక్కలు వదిలేసింది. "టైం సాల్లేదు సార్," అంది. రెండు రోజుల తర్వాత చౌడప్ప బడికి వచ్చాడు. మనిషి మెత్తన, మాట మాత్రం కచ్చితం.

"సారూ, ఒక మాట సెప్పిపోదామని వస్తి. పది ఒక్క తూరికే పాసైతే బిడ్డను ఇంటర్ సదివిస్తా. ఒక్క సబ్జెక్టు తప్పినా మగ్గం కాడ కూసోవాల."

"అదేంటి చౌడప్పా, తప్పితే మళ్లీ రాస్తుంది కదా."

"మల్లా రాసేదానికి ఇంకో ఏడాది ఎవురిస్తారు సార్? అంచు ఏసేదానికి పక్కన ఒక మనిషి లేకుంటే సీర సాగదు. దాని అమ్మకు కండ్లు ఆనవు. నేనేమన్నా ఇష్టపడి సెప్తాండానా?"

ఆయన ఇష్టపడి చెప్పడం లేదని నాకు తెలుసు. అందుకే ఆ పిల్ల విషయం నా మీద వేసుకున్నాను. మార్చిలో లెక్కల పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం రమాదేవిని స్టాఫ్ రూముకు పిలిచి, నా చేతి వాచీ తీసి ఇచ్చాను.

"ఇది పెట్టుకో. తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా పరీక్ష. పదిన్నరకు సగం పేపరు దాటాలి, పదకొండున్నరకు ఆఖరి లెక్కలో ఉండాలి. గంట సంగతి మరిచిపో. పన్నెండుకు రెండు నిమిషాల ముందు పేపరు కట్టేయాలి. అర్థమైందా?"

"అయింది సార్."

అన్నీ చెప్పాను. పెన్నులు రెండు తీసుకుపొమ్మన్నాను, నీళ్లు తాగి కూర్చోమన్నాను. ఒక్కటే చెప్పలేదు. ఆ ఒక్కటి ఏమిటో మీకు ఇప్పటికే అర్థమైంది. నాకు అర్థం కావడానికి మరుసటి రోజు పొద్దున దాకా పట్టింది.

మరుసటి రోజు లేచి గోడ గడియారం చూశాను. ఆరూ ముప్పై అయిదు. తీసివేస్తే ఆరుంబావు. రైలు ఆరూ యాభైకి, స్టేషన్‌కు నడిస్తే పది నిమిషాలు. కాఫీ తాగాను. ఇంకో అరగ్లాసు అడిగాను.

"ఏమబ్బా, రైలు టైమాయ గదా. ఇంకా కూసోనుండావు," అంది అవ్వ.

"ఇంకా ఉండాది లే అవ్వా. నువ్వు కాఫీ పొయ్యి."

అవ్వ ఒకసారి గడియారం వైపు, ఒకసారి నా వైపు చూసి, "సదువుకున్నోడివి, నీ టైము నీకే తెల్సు," అని కాఫీ పోసింది.

గడియారంలో ఏడయ్యాక బయల్దేరాను. అంటే నా లెక్కన ఆరూ నలభై. స్టేషన్‌కు పోయేసరికి ప్లాట్‌ఫారం మీద ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. ఆ ప్యాసింజరు సమయానికి వచ్చిన రోజులు నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ వేళ్లలో ఒకటి ఆ రోజే మడవాల్సి వచ్చింది. స్టేషన్ గడియారంలో ఏడూ పది.

బయటికి వస్తే మస్తాన్ తన దుకాణం తీస్తున్నాడు. వాచీలు బాగుచేసే మస్తాన్, మా వీధివాడే.

"ఏం సార్, రైలు పోయె గదా."

"స్టేషన్ గడియారం తప్పేమో చూడు మస్తాన్. ఇంట్లో ఏడుకు బయల్దేరినా. అంటే ఆరూ నలభై కదా."

"ఏడంటే ఏడే సార్. నిన్న మాపటేల మీ అవ్వ పిలిపిస్తే వచ్చి మీ ఇంటి గడియారం సరిచేసి పోయినా. మా పిల్లోడు రోజూ దాన్ని సూసి లోపల్లోపల లెక్కలేసుకుంటా బాధపడతాండాడు, బాగు చెయ్యప్పా అనె."

నేను వెనక్కి తిరిగి స్టేషన్ గడియారం వైపు మళ్లీ చూశాను.

"మీ చేతి వాచీ కూడా అంతే గదా సార్. ఇట్ల ఇయ్యండి, అయిదు నిమిషాల్లో సరిచేసిస్తా."

అలవాటుగా చెయ్యి చాచాను. మణికట్టు మీద వాచీ లేదు, అది ఉండే చోట తెల్లటి మచ్చ ఉంది. నా వాచీ ధర్మవరంలో రమాదేవి చేతికి ఉంది. ఇరవై నిమిషాలు ముందుంది. ఆ సంగతి ఆ పిల్లకు తెలియదు.

పరీక్ష మొదలయ్యే గంట కొట్టగానే ఆ పిల్ల వాచీ చూసుకుంటుంది. తొమ్మిదీ యాభై కనిపిస్తుంది. గంట ఆలస్యంగా కొట్టారనుకుంటుంది, గంటను నమ్మొద్దని రాయించిందే నేను. ఇరవై నిమిషాలు పోయాయని తడబడుతుంది. ఇంకా ఇరవై నిమిషాలు మిగిలి ఉండగానే పన్నెండైందని పేపరు కట్టి ఇచ్చేస్తుంది. తప్పుతుంది. వెళ్లి మగ్గం పక్కన కూర్చుంటుంది. ఇదంతా నాకు సినిమాలాగా కళ్ల ముందు కనిపించింది.

పక్కనే ఉన్న ఫోను బూత్‌లోకి దూరి పరీక్ష జరిగే బడికి ఫోన్ చేశాను. ఏడుంబావుకు బళ్లో ఫోనెత్తేవాళ్లు ఎవరుంటారు, మోగి మోగి ఆగిపోయింది. బస్సు చాలాసేపటికి గాని లేదు. నా అవస్థ చూడలేక మస్తాన్ అన్నాడు, "సార్, మా బామ్మర్ది బాషా చింతపండు లోడు ఏసుకోని పెనుకొండకు పోతాండాడు. ఆడ మీ ప్యాసింజరును ఎక్స్‌ప్రెస్ కోసం రోజూ ఆపుతారు గదా. పట్టుకోవచ్చు."

నిజమే. ఆ రైలు పెనుకొండలో గంటసేపు నిలబడిన రోజులు కూడా ఉన్నాయి. లారీ ఎక్కాను. బాషా మంచివాడు, బండిని మాత్రం ఎద్దులను తోలినంత దయగా తోలుతున్నాడు. పరిగి రోడ్డు దాటకముందే ఒక టీ కోసం ఆపాడు.

"బాషా, కొంచెం బిర్న పోనీయప్పా. ఒక పిల్ల బతుకు."

"ఏమాయ సార్?"

చెప్పాను. ఆయన టీ ఊదుకుంటూ అంతా విని, "మంచిదే గదా సార్. ఇరవై నిమిషాలు ముందుగాల రాసేస్తాది, ముందుగాల ఇంటికి పోతాది," అన్నాడు. నేను టీ డబ్బులు ఇచ్చేసి లారీ ఎక్కి కూర్చున్నాను. చింతపండు వాసనకు నోరు ఊరుతోంది, భయానికి ఎండిపోతోంది.

పెనుకొండ స్టేషన్‌కు పరుగెత్తేసరికి పట్టాలు ఖాళీగా ఉన్నాయి. జెండా మడుస్తున్న రైల్వే ఆయన చల్లగా చెప్పాడు. "ఈ పొద్దు ఎక్స్‌ప్రెస్సే లేటు సార్. దాని కోసం దీన్ని ఆపేదేల అని ప్యాసింజరును వదిలేసిరి. ఎప్పుడో పాయ."

ఏడాదంతా నన్ను ఏడిపించిన ఆలస్యం ఆ ఒక్క రోజు నన్ను ఆదుకోలేదు. బస్టాండు దగ్గర ధర్మవరం జీపు ఉంది. వెళ్లి కూలబడ్డాను.

"ఎప్పుడు పోతాది?"

"పదముగ్గురైతే పోతాది," అన్నాడు డ్రైవరు. "తొమ్మిదిమంది ఉండారు."

ఎనిమిదిన్నరయింది, తొమ్మిదైంది, లోపల పదిమందిమే. ఒకాయన ఎక్కితే ఇంకొకాయన తమలపాకులకని దిగుతున్నాడు. ఇక లాభం లేదని నేనే రోడ్డు మీదికి దిగాను. చొక్కా చేతులు మడిచి గొంతెత్తాను.

"ధర్మవరం, ధర్మవరం. ఖాళీ ఉండాది, రండి. ఇప్పుడే పోతాది, ధర్మవరం."

ఒక ముసలామె చేతిలో సంచి లాక్కుని ఆమెను ఎక్కించాను. ఆమె పోవాల్సింది కదిరి అని తర్వాత తేలింది, మళ్లీ దించాను. నా పాత విద్యార్థి తండ్రి ఒకాయన సైకిల్ ఆపి, నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం సార్, ఉజ్జోగం ఇడిసిపెట్టినారా?"

"లేదప్పా. మీరు ధర్మవరం వస్తారా?"

"నాకేం పని సార్ ఆడ?"

"పని తర్వాత చూసుకుందాం. ఎక్కండి."

ఆయన ఎక్కలేదు. వేరే ముగ్గురు దొరికి జీపు కదిలేసరికి బస్టాండు గడియారంలో తొమ్మిదిన్నర. అక్కడ గంట కొట్టేశారు. ఆ పిల్ల వాచీ చూసుకుని బెదిరిపోయి ఉంటుంది. దారి పొడవునా పక్కాయన చేతి గడియారమే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆయన చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

ధర్మవరం చేరేముందు రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. ఎన్ని పెట్టెలు పోయినా ఇంకా పెట్టెలే. జీపు దిగి, గేటు లేవగానే పరుగు పెట్టాను. పరీక్ష జరిగే బడి ముందుకు చేరేసరికి పదకొండు. వాచీలో పన్నెండు కావడానికి ఇంకా నలభై నిమిషాలు. సమయానికే వచ్చానని ఆ ఏడాదిలో మొదటిసారి అనుకున్నాను.

గేటు దగ్గర కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు.

"యాడికి?"

"లోపల మా పిల్ల ఉంది. ఒక్క మాట చెప్పాలి."

"అందురి పిల్లోళ్లూ లోపలే ఉండారు. పరీక్ష అయినాంక సెప్పుకో పో."

నేను జేబులోంచి కాగితం ముక్క తీసి, "రమాదేవీ, వాచీ ఇరవై నిమిషాలు ముందుంది, తీసేసి చూసుకో" అని రాసి, కిటికీ వైపు వెళ్లే దారి వెతుకుతుంటే ఆయన వెనక నుంచి వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

"చిట్టీ. ఏం పని చేస్తాండావు నువ్వు?"

"లెక్కల సారును."

"లెక్కల పరీక్షకు లెక్కల సారే చిట్టీ పంపిస్తాండాడు. దానికి ధైర్యం కావాలప్పా." కాగితం విప్పి చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. "ఏం కోడు ఇది?"

"కోడు కాదు సార్, నిజంగా వాచీ సంగతే." హిందూపురం నుంచి మొదలుపెట్టి చింతపండుతో సహా అంతా చెప్పాను. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయేమో. ఆయన మీసం దువ్వుకున్నాడు.

"కాయితం లోపలికి పోకూడదు. మాట పోతే పోనీ."

పిల్లలకు నీళ్లు ఇచ్చే నారాయణమ్మ బిందె నింపుకోవడానికి గేటు దగ్గరి కొళాయికి వచ్చింది. ఆమెకు మూడుసార్లు చెప్పి, మళ్లీ నాకు అప్పజెప్పించుకున్నాను. వెళ్లి, పది నిమిషాల్లో తిరిగి వచ్చింది.

"సెప్పినా సార్. మీ సారు వాచీలో ఇరవై నిమిషాలు తీసేసుకోమన్నాడు అంటి. వాచీ సూసుకుండె, తలకాయ ఊపె."

ఎదురుగా వేప చెట్టు కింద అరుగు మీద కూలబడ్డాను. ఆ క్షణంలో నా అంత గొప్ప ఉపాధ్యాయుడు జిల్లాలో లేడనిపించింది. ఒక పిల్ల కోసం మూడూళ్లు దాటి వచ్చినవాణ్ని. ఇదంతా పిల్లలకు శనివారం పీరియడ్లో ఎట్లా చెప్పాలో కూడా ఆలోచించుకుంటున్నాను. అప్పుడు చౌడప్ప వచ్చాడు, చేతులకు ఇంకా పట్టు రంగు ఉంది.

"నమస్తే సారూ. ఈడే ఉండారా. బిడ్డ పరీక్ష కదా, మగ్గం మీద మనసు నిలబడకపాయ."

"కూర్చో చౌడప్పా. పెద్ద గండం తప్పింది. నా వాచీ ఇరవై నిమిషాలు ముందుంది. చెప్పడం మరిచిపోయినా. ఇప్పుడే లోపలికి మాట పంపించినా, తీసేసి చూసుకోమని."

ఆయన నా మొహంలోకి చూశాడు.

"ఆ వాచీ నేను సరిచేసినా గద సార్."

"ఏమిటీ?"

"పొద్దున రేడియోలో వార్తలు వస్తాంటే సూస్తి. వాచీ ఇరవై నిమిషాలు ముందుకు పోతాండె. బిడ్డ తానం చేస్తాండాది. సరే అని ముల్లు తిప్పి రేడియోకు సరిగ్గా పెడితి. దానికి సెప్పల్యా. సెప్పేదేముండాది, సరైన టైమే గద."

అవ్వ నా గడియారానికి చేసిన పనే చౌడప్ప నా వాచీకి చేశాడు. నేను ఇంట్లో సరైన గడియారంలోంచి ఇరవై తీసేసి రైలు పోగొట్టుకున్నట్టు, ఇప్పుడు లోపల రమాదేవి సరైన వాచీలోంచి ఇరవై తీసేసుకుంటోంది. పన్నెండైనా ఆ పిల్లకు పదకొండూ నలభయ్యే. ఇంకా ఇరవై నిమిషాలున్నాయని నింపాదిగా రాస్తూ ఉంటుంది, చేతిలోంచి పేపరు లాక్కుంటారు. అట్లా లాక్కునేలా చేసింది నేను. మూడూళ్లు దాటి వచ్చి మరీ చేశాను.

గేటు దగ్గరికి పరుగెత్తాను. అప్పుడే తనిఖీవాళ్ల జీపు వచ్చి లోపలికి పోయింది. కానిస్టేబుల్ గేటుకు గొళ్లెం పెట్టాడు.

"సార్, ఇంకొక్క మాట. ఇందాకటి మాట తప్పు. తీసేయొద్దని చెప్పాల."

"ఇందాక తీసేయమంటివి, ఇప్పుడు తీసేయొద్దంటివి. పెద్దసార్లు వచ్చిరి. ఇంగ మాట కూడా పోకూడదు."

నారాయణమ్మ వరండాలో కనిపించింది. చేతులు ఊపాను. ఆమె కూడా చేతులు ఊపి లోపలికి వెళ్లిపోయింది. పదకొండున్నర గంట కొట్టారు. "ఆ గంటను నమ్ము తల్లీ," అని పైకే అన్నాను. గంటను నమ్మొద్దని కింద గీత గీయించిన చేతులు నావే కదా, వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

తిరిగి వచ్చి కూర్చున్నాను. జరిగిందంతా చౌడప్పకు చెప్పాను, చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నెమ్మదిగా అన్నాడు.

"సారూ, మగ్గం మీద ఒక పోగు తప్పు పడితే ఇప్పి మల్లా నేస్తాము. ఇది ఇప్పేది గాదు గదా."

"నాది తప్పు చౌడప్పా."

"నేను ఆ పిల్లతో అంటి. తప్పితే మగ్గమే అంటి. దాని మనసులో అదే ఉంటాది. అనకుండా ఉండాల్సింది."

ఆయన అట్లా అనేసరికి నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆ అరగంట నా జీవితంలోకెల్లా పొడవైనది. సమయాన్ని సాగదీయడం ఎట్లాగో ఆ కోటాయనకు కూడా తెలిసి ఉండదు.

పన్నెండు గంట కొట్టారు. పిల్లలు గుంపుగా బయటపడ్డారు. రమాదేవి లేదు. గుంపు పలచబడింది. ఆఖరున ఒక్కతే అట్ట చంకలో పెట్టుకుని నడిచి వచ్చింది. మేమిద్దరం లేచి నిలబడ్డాం. ఎవరం ముందు అడగాలో తెలియలేదు.

"ఎన్ని వదిలేశావు రమాదేవీ?" అన్నాను చివరికి.

"ఏమీ వదల్లేదు సార్. అన్నీ చేసినా. రెండు తూర్లు సరిచూసినా."

"నారాయణమ్మ నీకు చెప్పలేదా?"

"సెప్పినాది సార్. తల ఊపితి. పెద్దోళ్లు సెప్తే ఊపాల గదా." కొంచెం తటపటాయించి అంది, "మీరు గంటను నమ్మొద్దంటిరి. ఇప్పుడేమో వాచీని నమ్మొద్దంటిరి. ఇంక నాకు మిగిలింది నా చెయ్యే సార్."

"చెయ్యేమిటి?"

"ఆయమ్మ వచ్చినప్పుడు వాచీలో పదకొండూ పది. మీ లెక్కన పదీ యాభై. కూసున్న కాడి నుంచి నాకు జానెడున్నర దాటినాది సార్. చిన్నప్పటి నుంచి నాయన పక్కన కూసుంటాండా, సేతికి తెలీదా. వాచీయే సరి, సారే తప్పు అనుకొంటి. పదకొండున్నర గంట కొట్టినప్పుడు వాచీతో సరిపోయినాది."

నేను నా ఖాళీ మణికట్టు వంక చూసుకున్నాను.

"మరి లెక్కల కాడ ఆగిపోలేదా?" అని వాళ్ల నాయన అడిగాడు.

"పోగు తెగితే ఆడనే కూసోని ఏడుస్తామా నాయనా? ముడేసి ముందుకు పోతాం గదా. రాని లెక్కను అట్ల ఇడిసి ముందుకు పోయి, మల్లా వెనక్కి వచ్చి చేసినా."

చౌడప్ప తల పక్కకు తిప్పుకుని భుజం మీద తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఏడాది పొడవునా శనివారాలు నేను అరిచి చెప్పిందంతా ఆ మనిషి మగ్గం పక్కన మాట్లాడకుండా ఎప్పుడో నేర్పేశాడు. ఆ మగ్గాన్నే నేను ఇంట్లో పెట్టి రమ్మన్నాను.

"సారూ," అన్నాడు చౌడప్ప, "పాసు సంగతి తర్వాత. ఏదెట్లయినా బిడ్డను ఇంటర్లో చేరుస్తా. అంచు నేనే ఏసుకుంటా."

"చాలా మంచి మాట చౌడప్పా."

"ఒకటే అడగాల సార్. ఆ కాలేజీలో మీరు సెప్పరు గదా?"

చెప్పనని మాటిచ్చాను. రమాదేవి వాచీ విప్పి రెండు చేతులతో నాకు ఇచ్చింది.

"ఇది ఇప్పుడు సరైన టైం సూపిస్తాంది సార్. మీకు అలవాటు లేదు, జాగ్రత్త."

ఫలితాలు వచ్చాయి. ఆ పిల్ల ఫస్టు క్లాసులో పాసైంది, లెక్కల్లోనే అన్నిటికంటే ఎక్కువ. ఆ తర్వాతి ఏడు శనివారం పీరియడ్‌కు నేను చౌడప్పను పిలిచాను. ఆయన వచ్చి పావుగంట కూర్చుని, పోగు తెగితే ఏం చేయాలో చెప్పి వెళ్లిపోయాడు. పిల్లలెవరూ నవ్వలేదు.

ఆనాటి నుంచి మా అవ్వ తల మీద చెయ్యి పెట్టి, చింతపండు లారీ సాక్షిగా ఒక ప్రతిజ్ఞ పాటిస్తున్నాను. ఏ గడియారం ముల్లునూ నా చేత్తో ముట్టుకోను. ఎవరికైనా వాచీ ఇస్తే ముందు మస్తాన్‌కు చూపించి ఇస్తాను. ఏ పిల్లనైనా కాపాడాలని నాకు మనసులో పుడితే, ముందు ఆ పిల్ల ఎలా ఉందో కనుక్కుని, అప్పటికీ ఆత్రం ఆగకపోతే ప్యాసింజరు రైలుకే పోతాను. అది నన్ను ఎప్పుడూ సమయానికి చేర్చలేదు. అందుకే నా చేత ఎవరికీ కీడు జరగదు.